రోటరీ ఇంజను విమానంలో బెల్టు మీది పనులు విడగొట్టడం ఎలా

మూడేళ్ల కిందట సంక్రాంతికి మా తమ్ముడు టెక్సస్ నుంచి వచ్చినప్పుడు సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి మూడు వస్తువులు తెచ్చాడు: ఇంజను పుల్లీ, నీళ్ల పంపు, తెగిపోయిన బెల్టు. "అన్నయ్యా, దీనికి ఏదో ఒక దారి చూడాలి" అంటూ విజయవాడ ఆటోనగర్‌లో నా లేత్ పక్క బల్ల మీద పెట్టాడు. వాడు అక్కడ ఇద్దరు కూర్చునే విమానం సొంతంగా కట్టుకున్నాడు. అందులో మాజ్డా 13బి రోటరీ ఇంజను. బెల్టు తెగింది నేల మీద ఇంజను నడిపి చూస్తున్నప్పుడు. గాల్లో తెగి ఉంటే బ్యాటరీకి ఛార్జింగు ఇచ్చే ఆల్టర్నేటరు, ఇంజనుని చల్లబరిచే నీళ్ల పంపు రెండూ ఒక్కసారే ఆగిపోయేవి. తలచుకుంటే ఇప్పటికీ నాకు చేతులు చల్లబడతాయి.

అప్పటి నుంచి ఆ రెండూ ఒకే బెల్టు మీద ఆధారపడకుండా చేసే పని మీదే ఉన్నాం. ఓడలో తెప్పించుకున్న ఇంకో పాత 13బిని నా షెడ్డులో స్టాండుకి బిగించాం. ఇక్కడ చేసిన ప్రతి భాగాన్నీ ముందు దాని మీద నడిపి చూసి, తర్వాతే అక్కడికి పంపాం. రెండుసార్లు నేనే వెళ్లి బిగించి వచ్చాను. సొంతంగా విమానం కట్టుకుంటున్న తెలుగువాళ్లకి, కట్టాలని ఆశ ఉన్నవాళ్లకి ఉపయోగపడుతుందని మేము చేసిన క్రమంలోనే రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. మన దేశంలో అయితే పౌర విమానాల్ని నియంత్రించే డీజీసీఏ అనుమతి లేకుండా ఇలాంటి విమానాన్ని ఎగరనివ్వరు, ఎగరకూడదు. అమెరికాలో ఎక్స్‌పెరిమెంటల్ కింద రిజిస్టరైన విమానానికి కూడా ఆపరేటింగ్ లిమిటేషన్స్ అనే కాగితం ఉంటుంది. ఇంజను చల్లబరిచే పద్ధతే మార్చితే అది పెద్ద మార్పు కిందికి వస్తుందేమో ఆ కాగితంలో చూసుకోవాలి. వస్తే అధికారులకి తెలియజేసి, మళ్లీ పరీక్షా దశకి వెళ్లి, మనుషుల్ని ఎక్కించుకోకుండా కనీసం 5 గంటలు ఎగిరి చూపించాల్సి ఉంటుంది. పానా పట్టుకోకముందే ఆ కాగితం చదవండి.

ఈ ఇంజను సంగతి

రోటరీ అనే మాట రెండు రకాల ఇంజన్లకి వాడతారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి విమానాల్లో సిలిండర్లన్నీ ప్రొపెల్లరుతో పాటే గిరగిరా తిరిగే ఇంజన్లని కూడా రోటరీ అనే అనేవారు. మనం మాట్లాడుకునేది అది కాదు. జర్మనీకి చెందిన ఫీలిక్స్ వాంకెల్ ఆలోచన నుంచి పుట్టిన ఇంజను ఇది. 1967లో మాజ్డా దీన్ని కాస్మో స్పోర్ట్ కారులో పెట్టి అమ్మింది. ఆ తర్వాత ఆర్‌ఎక్స్-7, ఆర్‌ఎక్స్-8 కార్లలో వచ్చింది. 1991లో లె మాన్స్ 24 గంటల పందెం గెలిచిన 787బి కారులోనూ ఈ జాతి ఇంజనే, నాలుగు రోటర్లతో.

13బిలో రెండు రోటర్లు, ఒక్కోటి 654 సి.సి. రోటరు ఒక చుట్టు తిరిగేలోపు షాఫ్టు మూడు చుట్లు తిరుగుతుంది. గేజీలో కనిపించే ఆర్‌పీఎం షాఫ్టుది. గాల్లో ఆ షాఫ్టు 6000, 7000 దాకా తిరుగుతుంది, గేరు పెట్టె ఒకటి మధ్యలో ఉండి ప్రొపెల్లరును 2700 లోపు ఉంచుతుంది. కారులో మైలేజీ కోసం నెమ్మదిగా నడిపే ఇంజనుని విమానంలో గంటల తరబడి ఆ వేగంలో నడుపుతాం. బెల్టు కష్టాలన్నీ ఇక్కడే మొదలవుతాయి.

మనకి మేలు చేసే సంగతి ఒకటుంది: ఆయిల్ పంపు బెల్టు మీద లేదు. ముందు కవరు లోపల షాఫ్టు నుంచి గొలుసుతో తిరుగుతుంది. ఈ ఇంజను వేడిలో సుమారు మూడో వంతు ఆయిల్‌లోకే పోతుంది, ఎందుకంటే రోటర్లని లోపలి నుంచి చల్లబరిచేది ఆయిలే. కాబట్టి బెల్టు తెగినా ఆయిల్ ప్రెషరు ఉంటుంది. కానీ నీళ్లు తిరగకపోతే ఇనప పక్క పలకలు, అల్యూమినియం గదులు వేర్వేరుగా వ్యాకోచించి మధ్యలో ఉన్న రబ్బరు సీళ్లు పాడైపోతాయి. పిస్టన్ ఇంజను వేడిని కాస్త ఓర్చుకుంటుంది, ఇది ఓర్చుకోదు.

మనకి ఇబ్బంది పెట్టే సంగతి ఇంకొకటి. విమానంలో గేరు పెట్టె ఫ్లైవీల్ వైపు బిగిస్తారు, ప్రొపెల్లరు అటే ఉంటుంది. అంటే కారులో ముందుండే బెల్టు వైపు విమానంలో వెనక్కి, ఫైర్‌వాల్ (ఇంజనుకీ మనం కూర్చునే చోటికీ మధ్య ఉండే అడ్డుగోడ) వైపుకి తిరుగుతుంది. చెయ్యి దూర్చే చోటే ఉండదు. ఇంజను మౌంటు ఇంకా వెల్డు చేయనివాళ్లు పుల్లీకీ ఫైర్‌వాల్‌కీ మధ్య కనీసం 30 మి.మీ. ఖాళీ వదలండి. షాఫ్టు చివర ఖాళీగా ఉంటుంది కాబట్టి ఆ సందులోంచి బెల్టు దూర్చి మార్చుకోవచ్చు. ఆ సందు లేకపోతే ప్రతి బెల్టుకీ ఇంజను దింపాలి.

మొదటి పని: ఏది ఉంచాలో తేల్చుకోవడం

ఏసీ కంప్రెసరు, పవర్ స్టీరింగ్ పంపు, పొగ శుద్ధి కోసం పెట్టిన గాలి పంపు ఉంటే తీసి పక్కన పెట్టండి. వాటితో మనకి పని లేదు. మిగిలేవి రెండే: నీళ్ల పంపు, ఆల్టర్నేటరు.

ఈ రెండింటికీ నాలుగు దారులున్నాయి. ఒకే బెల్టు మీద రెండూ ఉంచడం, రెండు వేరు బెల్టులు వేయడం, నీళ్ల పంపుని కరెంటు మీద నడిపి ఆల్టర్నేటరు ఒక్కదాన్నే బెల్టు మీద ఉంచడం, అసలు బెల్టే లేకుండా ఆల్టర్నేటరును షాఫ్టుకో గేరు పెట్టెకో నేరుగా బిగించడం. ఒకే బెల్టుతో ఏళ్ల తరబడి హాయిగా ఎగిరినవాళ్లు ఉన్నారు, వాళ్లని తప్పుపట్టను. నేరుగా బిగించడం అన్నిటికన్నా శుభ్రమైన పని, కానీ నా లేత్ మీద ఆ గేర్లు నమ్మకంగా చేయలేనని వదిలేశాను. మేము మూడో దారి పట్టాం. బెల్టు తెగితే ఛార్జింగు పోవాలి, చల్లదనం పోకూడదు. బ్యాటరీ ఉన్నంతసేపు ఇంజను నడవాలి, ఆ సమయంలో దిగిపోవాలి. ఈ ఒక్క లెక్క మీదే మిగతా పనంతా నిలబడింది.

దీనికి మూల్యం కూడా ఉంది. 13బికి ఇగ్నిషన్, ఇంజెక్షన్, పెట్రోలు పంపు ఎటూ కరెంటు మీదే నడుస్తాయి, ఇప్పుడు నీళ్లు కూడా కరెంటు మీదే. కాబట్టి కాగితం తీసుకుని ఆంపియర్ల లెక్క వేయండి. మా విమానంలో క్లాంపు మీటరు పెట్టి కొలిస్తే ఇలా వచ్చింది: నీళ్ల పంపు 10, పెట్రోలు పంపు 6, ఇగ్నిషన్ ఇంజెక్షన్ కలిపి 9, రేడియో, ప్యానెల్ మీది తెరలు, మిగతా పరికరాలు 4, లైట్లు 3. మొత్తం 32. డబ్బా మీద రాసిన అంకె నమ్మకండి, మీ విమానంలో మీరే కొలవండి. ఆల్టర్నేటరు ఈ లెక్కకి ఒకటిన్నర రెట్లు ఉండాలి. మేము 55 ఆంపియర్లది తీసుకున్నాం.

లైట్లు, అక్కర్లేని తెరలు ఆపేస్తే 27కి దిగుతుంది. 18 ఆంపియర్-అవర్ బ్యాటరీ కదా, 40 నిమిషాలు వస్తుందనుకుంటారు. రాదు. బ్యాటరీ మీద రాసిన ఆ అంకె సన్నగా, 20 గంటలపాటు లాగినప్పటిది. 27 ఆంపియర్లు లాగితే కొత్త బ్యాటరీ కూడా అరగంట దాటడం కష్టం. అందుకే రెండు బ్యాటరీలు పెట్టాం. ఈ సమయాన్ని కూడా కొలిచే తీరాలి, ఎలాగో కింద చెబుతాను.

రెండో పని: విప్పడం

బ్యాటరీ తీగ ఊడదీయండి. ఇంజను పూర్తిగా చల్లబడ్డాక నీళ్లు దింపండి. బెల్టు తీసేముందు ఫోనులో నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. ఏ వాషరు ఎక్కడిదో తర్వాత ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు జాగ్రత్తగా చదవండి. పుల్లీని పట్టుకుని చిన్న బోల్టులు కొన్ని ఉంటాయి, సరిగ్గా మధ్యలో ఒక పెద్ద బోల్టు ఉంటుంది. చిన్నవి మాత్రమే విప్పాలి. మధ్యది ముట్టుకోకూడదు. ఆ పెద్ద బోల్టు వెనక, కవరు లోపల, సూదుల్లాంటి రోలర్లున్న సన్నని థ్రస్టు బేరింగు ఉంటుంది. బోల్టు వదులైతే లోపల ఖాళీ వచ్చి ఆ బేరింగు తన చోటు నుంచి కిందికి జారుతుంది. పైనుంచి చూస్తే ఏమీ తెలియదు. మళ్లీ బిగించగానే అది పక్కగా నలిగిపోతుంది.

స్టాండు మీది ఇంజనులో ఈ తప్పు నేను చేశాను. పుల్లీ రావడం లేదని మధ్య బోల్టు అర చుట్టు వదులు చేసి, మళ్లీ బిగించేశాను. మర్నాడు అనుమానం వచ్చి షాఫ్టు చివర డయల్ గేజి పెట్టి ముందుకీ వెనక్కీ నెట్టి చూశాను. ఆ కదలిక 0.04 నుంచి 0.07 మి.మీ. మధ్య ఉండాలి, 0.09 దాటకూడదు. ముల్లు 0.15 దగ్గర ఆగింది. కవరు విప్పితే రోలర్లు రెండు వంగి, వాటిని పట్టుకునే పంజరం రేకు చీలి, మెరుగు పొట్టులా ఆయిల్‌లో తేలుతోంది. కవరు విప్పే పని, కడిగే పని, కొత్త బేరింగు కోసం ఎదురుచూడడం అంతా కలిపి ఆరు వారాలు పట్టింది. మధ్య బోల్టు తీయక తప్పని పరిస్థితి వస్తే ఒక మనిషిని ఫ్లైవీల్ వైపు నిలబెట్టి షాఫ్టును బెల్టు వైపుకి నెట్టి పట్టుకోమనండి, అతను పట్టు వదలకముందే బిగించండి, తర్వాత తప్పనిసరిగా డయల్ గేజితో కొలవండి.

ఇంకొకటి. కొన్ని 13బిలకి పుల్లీ వెనకే ఇగ్నిషన్ టైమింగు చక్రం ఉంటుంది. పుల్లీ మార్చినా, మధ్యలో వాషరు వేసినా ఆ చక్రం ముందుకో వెనక్కో జరుగుతుంది. దానికీ సెన్సరుకీ మధ్య సందు ఫీలరు గేజితో ముందే కొలిచి రాసి పెట్టుకుని, చివర్లో అంతే ఉందో లేదో చూసుకోండి.

మూడో పని: నీళ్ల దారి మార్చడం

పాత పంపు బొడిపె తీసేస్తే పంపు గూడులో పెద్ద రంధ్రం మిగులుతుంది. దాని కొలతకి 10 మి.మీ. అల్యూమినియం పలక కోసి, మూత చేసి, ప్యాకింగు వేసి బిగించండి. గూడుని మాత్రం ఉంచండి, నీళ్లు వేడెక్కాకే రేడియేటరుకి దారి తెరిచే థర్మోస్టాటు అందులోనే ఉంటుంది. థర్మోస్టాటు తీసేయాలనుకునేవాళ్లు ఒకటి గమనించాలి: ఇంజను వేడెక్కాక అది కింద ఉన్న అడ్డదారి రంధ్రాన్ని కూడా మూస్తుంది. తీసేస్తే ఆ రంధ్రం తెరుచుకునే ఉండి, సగం నీళ్లు రేడియేటరుకి వెళ్లకుండా అక్కడక్కడే తిరుగుతాయి. రంధ్రానికి థ్రెడ్డు కోసి బిరడా బిగించాలి. "థర్మోస్టాటు తీశాక ఇంకా వేడెక్కుతోంది" అని నా దగ్గరకి వచ్చిన కారు ఇంజన్లలోనూ ఇదే చూశాను.

కరెంటు పంపుని రేడియేటరు నుంచి బయటికొచ్చే చల్లటి గొట్టంలో, నీళ్ల ట్యాంకు కన్నా బాగా కిందికి పెట్టాలి. వేడి నీళ్ల వైపు పెడితే పంపు నోట్లో ఆవిరి బుడగలు వచ్చి నీళ్లు లాగలేదు. రెండు పంపులు పెట్టేవాళ్లు పక్కపక్కన పెట్టకండి. పక్కపక్కన ఉంటే ఒకటి ఆగినప్పుడు రెండోది తోసే నీళ్లు ఆగినదాంట్లోంచి వెనక్కి వచ్చేస్తాయి, దానికి వాల్వులు కావాలి, ఆ వాల్వులు మళ్లీ ఇరుక్కుంటాయి. ఒకదాని వెనక ఒకటి పెడితే ఆగిన పంపులోంచి కూడా నీళ్లు పోతాయి, కాస్త ఒత్తిడి తగ్గుతుంది అంతే. మేము అలా రెండు పెట్టాం. మామూలుగా ఒకటి తిరుగుతుంది, టేకాఫ్‌కీ ఎక్కేటప్పుడూ రెండూ వేస్తాం.

పంపు పేరులో 115 అని ఉంటే నిమిషానికి 115 లీటర్లు అని. అది అడ్డు ఏమీ లేనప్పటి లెక్క. ఇంజను, రేడియేటరు, వంపులు అన్నీ దాటాక ఎంత వస్తుందో మీరే కొలవాలి. దానికి ఇక్కడ ప్రతి ఇంట్లో ఉండే 20 లీటర్ల మంచినీళ్ల క్యాను చాలు. చివరి గొట్టం ఊడదీసి క్యానులో పెట్టి, పంపు నోటికి డ్రమ్ము నుంచి నీళ్లిచ్చి, ఫోనులో సమయం చూడండి. 12 సెకన్లలో నిండితే నిమిషానికి 100 లీటర్లు. 24 సెకన్లయితే 50. మాకు మొదట 21 సెకన్లు పట్టింది. గొట్టంలో రెండు చోట్ల ఉన్న చిన్న సైజు మోచేతులు (వంపు ముక్కలు) మార్చితే 14కి వచ్చింది.

ఆ తేడా ఎందుకంత ముఖ్యమో లెక్క చూడండి. ఇంజను నుంచి నీళ్లలోకి 60 కిలోవాట్ల వేడి వస్తోందనుకుందాం. నిమిషానికి 100 లీటర్లు తిరిగితే ఇంజను లోపలికి వెళ్లే నీళ్లకీ బయటికి వచ్చే నీళ్లకీ మధ్య తేడా 9 డిగ్రీల లోపు ఉంటుంది. 50 లీటర్లే తిరిగితే 17 డిగ్రీలు. ఇది ఒట్టి నీళ్ల లెక్క, కూలెంటులో ఉండే గ్లైకాల్ కలిస్తే ఇంకాస్త పెరుగుతుంది. గేజీ ఒక చోట 90 చూపిస్తుంటే ఇంకో మూల ఎంత ఉందో ఈ తేడాని బట్టే తెలుస్తుంది.

బోరు నీళ్లు పోయకండి. మా వైపు నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఒక వేసవి నడిస్తే గొట్టాల లోపల తెల్లటి పొర కడుతుంది. బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటరు, మంచి కూలెంటు సగం సగం వాడండి. ట్యాంకు మూత మొత్తం నీళ్ల దారిలో అన్నిటికన్నా ఎత్తులో ఉండాలి.

ఉష్ణోగ్రత గేజీ ఒక్కటే చాలదు. నీళ్లన్నీ కారిపోతే సెన్సరు చుట్టూ గాలి మిగులుతుంది, అప్పుడు గేజీ వేడి ఎక్కువని కాదు, తక్కువని చూపిస్తుంది. ఇంజను కాలిపోతున్నా ముల్లు కిందికి దిగుతుంది. అందుకని నీళ్ల ఒత్తిడికి వేరే సెన్సరు, ఎర్ర దీపం పెట్టండి. ఒత్తిడి పడిపోతే దీపం వెలుగుతుంది. ఈ మార్పంతటిలో చవకైనది అదే, నేను దేన్నైనా వదులుకుంటాను గానీ దాన్ని వదులుకోను.

నాలుగో పని: ఆల్టర్నేటరు, దాని పట్టీ, బెల్టు

కారు ఆల్టర్నేటరుకి చిన్న పుల్లీ ఉంటుంది. ఇంజను పుల్లీ 125 మి.మీ., ఆల్టర్నేటరు పుల్లీ 60 మి.మీ. అయితే ఇంజను 7000 తిరిగినప్పుడు ఆల్టర్నేటరు 14,500 దాటి తిరుగుతుంది. గంటల తరబడి అలా తిరిగితే బేరింగులు నిలవవు. లేత్ మీద 90 మి.మీ. పుల్లీ తిప్పించుకోండి, వేగం 9,700కి దిగుతుంది. నేల మీద 1800లో నడుస్తున్నప్పుడు కూడా 2500 తిరుగుతుంది, ఛార్జింగు వస్తుంది.

వి ఆకారం పాత బెల్టు వద్దు, గీతలున్న పీకే రకం వాడండి. బెల్టు మీద 4పీకే850 అని ఉంటే నాలుగు గీతలు, 850 మి.మీ. పొడవు అని అర్థం. 125 మి.మీ. పుల్లీ 7000 తిరిగితే బెల్టు సెకనుకి దాదాపు 46 మీటర్లు పరుగెడుతుంది, గంటకి 165 కిలోమీటర్లు. ఆ వేగంలో బెల్టు తన బరువుతోనే బయటికి విసురుకుంటుంది, పుల్లీని వదిలేయాలని చూస్తుంది. వి బెల్టు మందం, బరువు ఎక్కువ కాబట్టి అది ముందు ఓడిపోతుంది.

ఇప్పుడు పట్టీ, అంటే బ్రాకెట్టు. మేము ఎక్కువ దెబ్బతిన్నది ఇక్కడే. మొదటిది 6061-టీ6 అల్యూమినియం ముక్కలు వెల్డు చేసి చేశాం. చూడడానికి ముచ్చటగా వచ్చింది. స్టాండు మీద 11 గంటలు నడిచాక పట్టీ కింద నల్లటి మెత్తని పొడి కనిపించింది, కాటుక రాలినట్టు. బెల్టు అరుగుతోంది. అంటే ఏదో పక్కకి జరుగుతోంది. పట్టీ తీసి కడిగి, చీలికలు కనిపెట్టే ఎర్ర రంగు డై పూసి, తుడిచి, తెల్ల పొడి చల్లాను. రెండు నిమిషాలకి వెల్డు అంచున తెల్లదనంలోంచి వెంట్రుకంత ఎర్ర గీత మెల్లగా పైకి వచ్చింది. పది మి.మీ. పొడవు. కంటికి అక్కడ ఏమీ లేదు, గోటికి కూడా తగల్లేదు. ఆ రకం అల్యూమినియానికి బలం వేడి చేసి చల్లార్చిన పద్ధతిలోంచి వస్తుంది, వెల్డు పక్కన ఆ బలం పోతుంది. లారీ బాడీలకి మా ఆటోనగర్‌లో వెల్డింగు చేసేవాళ్ల చెయ్యి చాలా గొప్పది. చేతిపనిలో లోపం లేదు, లోహం గుణమే అది.

రెండో పట్టీని 12 మి.మీ. పలక నుంచి ఒకే ముక్కగా మిల్లింగు చేయించాం. మీరూ అలాగే చేయండి. పట్టీ పొట్టిగా, త్రికోణంగా ఉండాలి. ఆల్టర్నేటరు చెవిని రెండు వైపులా పట్టుకోవాలి, ఒక వైపు వేలాడకూడదు. మూలలన్నీ గుండ్రంగా తీయించండి, మూల పదునుగా ఉన్నచోటే చీలిక పుడుతుంది. బిగువు సరిచేసే పొడుగు కన్నం పట్టీకి ఎదురుగా దృఢమైన చోటికి బిగించాలి, పలచని రేకుకి కాదు. ఎగ్జాస్టు గొట్టాలు ఉన్న వైపు ఆల్టర్నేటరు పెట్టకండి. ఈ ఇంజను పొగ పిస్టన్ ఇంజను పొగ కన్నా బాగా వేడి. వేరే దారి లేకపోతే మధ్యలో స్టీలు రేకు అడ్డం పెట్టి, ఆల్టర్నేటరు వెనక్కి ఒక గాలి గొట్టం వేయండి.

నట్లకి నైలాన్ రింగు ఉన్నవి ఇంజను వైపు వాడకూడదు, 120 డిగ్రీలు దాటితే నైలాన్ పట్టు వదులుతుంది. మొత్తం లోహంతో చేసిన లాక్ నట్లు వాడండి. తల కన్నం ఉన్న బోల్టులకి 0.8 మి.మీ. లాక్ తీగ చుట్టండి, బోల్టు వదులయ్యే దిశలో తిరగబోతే తీగ బిగుసుకునేలా. బిగించాక ప్రతి నట్టు మీద ఎర్ర రంగు గీత ఒకటి నట్టు నుంచి పట్టీ మీదికి గీయండి. తర్వాత టార్చి వేసి చూస్తే చాలు, గీత విరిగి ఉంటే నట్టు కదిలినట్టే.

రెండు పుల్లీలు ఒకే వరసలో ఉండాలి. మంచి ఉక్కు స్కేలు రెండు పుల్లీల ముఖాల మీదా ఆనించి చూడండి, లేదా కుట్టు దారం బిగించి లాగి చూడండి. 100 మి.మీ.కి అర మిల్లీమీటరు కన్నా తేడా ఉండకూడదన్నది నేను పెట్టుకున్న నియమం. సరిచేయడానికి షిమ్ములు, అంటే పలచని రేకు ముక్కలు, వేయండి, పట్టీని వంచకండి.

బెల్టు బిగువు బొటనవేలితో నొక్కి చూసే పద్ధతి కారుకి సరిపోతుంది. ఇక్కడ నేను శబ్దంతో కొలుస్తాను. ముందు బెల్టుని బంగారం కొట్టు తరాజులో తూచండి. వన్‌టౌన్‌లో మాకు తెలిసినాయన కొట్లో తూయించుకొచ్చాను. 850 మి.మీ. బెల్టు 51 గ్రాములు తూగితే మీటరుకి 60 గ్రాములు. బెల్టు బిగించి, రెండు పుల్లీల మధ్య ఖాళీగా ఉన్న భాగాన్ని వేలితో వీణ తీగలా మీటి, ఫోనులో ట్యూనర్ యాప్ పెట్టి ఎన్ని హెర్ట్జ్ వస్తుందో చూడండి. బిగువు న్యూటన్లలో కావాలంటే: 4 ఇంటూ మీటరు బరువు కిలోల్లో, ఇంటూ ఖాళీ భాగం పొడవు మీటర్లలో వర్గం, ఇంటూ హెర్ట్జ్ వర్గం. మా ఖాళీ భాగం 220 మి.మీ. 160 హెర్ట్జ్ వస్తే సుమారు 300 న్యూటన్లు. మేము కొత్త బెల్టుకి అంత పెట్టాం. ఇందులో 126 న్యూటన్ల దాకా 7000 ఆర్‌పీఎం దగ్గర ఆ విసురుకే ఖర్చయిపోతుంది, అందుకే తక్కువ పెడితే పైన జారుతుంది. మరీ ఎక్కువ పెడితే ఆల్టర్నేటరు బేరింగు మీద పడుతుంది. అరగంట నడిపాక కొత్త బెల్టు సాగుతుంది, మళ్లీ మీటి చూసి సరిచేయండి.

ఐదో పని: తీగలు

ఇక్కడ క్లుప్తంగానే చెబుతాను. మొదటి పంపు ఒక బ్యాటరీ నుంచి, రెండో పంపు రెండో బ్యాటరీ నుంచి. రెండింటికీ వేరు ఫ్యూజు, వేరు స్విచ్చు, వేరు ఎర్త్ తీగ. రెండు పంపుల ఎర్త్ ఒకే బోల్టుకి బిగిస్తే ఆ బోల్టు వదులైన రోజు రెండూ ఆగిపోతాయి. కనీసం ఒక పంపుకి మధ్యలో రిలే లేకుండా నేరుగా స్విచ్చు నుంచే కరెంటు ఇవ్వండి. 2.5 చదరపు మి.మీ. తీగ వాడండి. ఆల్టర్నేటరు అదుపు తప్పి వోల్టేజి 16 దాటితే దాన్ని వెంటనే విడదీసే రక్షణ ఉండాలి, లేకపోతే ఇంజెక్షన్ కంప్యూటరు కాలిపోతుంది. ఛార్జింగు ఆగిందని చెప్పే దీపం కళ్లెదుట ఉండాలి, ప్యానెల్ అంచున కాదు.

ఆరో పని: నేల మీద పరీక్ష

ఈ విషయంలో మా ఊరి ఎండ మాకు మేలు చేసింది. మే నెలలో మధ్యాహ్నం రెండింటికి రేకుల షెడ్డులో 44 డిగ్రీలు. అందులో స్టాండు మీద ఇంజను చల్లగా నిలిస్తే టెక్సస్‌లో కూడా నిలుస్తుందన్న ధైర్యం వచ్చింది. రేడియేటరు ముందు పెళ్లి పందిట్లో పెట్టే పెద్ద ఫ్యాను పెట్టి నడిపాం.

విమానాన్ని తోకతో సహా గట్టిగా కట్టేయండి. ప్రొపెల్లరు వరసలో ఎవరూ నిలబడకూడదు. మొదట పది నిమిషాలు తక్కువ వేగంలో నడిపి, ఆపి, చల్లారాక నీళ్లు నింపండి, బుడగలు పోయి మట్టం తగ్గుతుంది. నీళ్లు 85 నుంచి 95 మధ్య నిలకడగా ఉండాలి.

తర్వాత కావాలని ఒక్కొక్కటీ చెడగొట్టండి. ఒక పంపు ఆపండి, రెండోదానితో ఉష్ణోగ్రత ఎంతకి చేరి ఆగుతుందో రాయండి. బెల్టు తీసేసి, ఇంజను గాల్లో నడిచే వేగానికి దగ్గరగా నడుపుతూ బ్యాటరీ వోల్టేజి 11కి పడేదాకా నిమిషాలు లెక్కపెట్టండి. మాకు రెండు బ్యాటరీలతో 47 నిమిషాలు వచ్చింది. మేము దాన్ని సగం కన్నా కాస్త తగ్గించి, 20 నిమిషాలు అని ప్యానెల్ మీద రాసి అంటించాం. బెల్టు తెగిన దీపం వెలిగితే ఆ 20 నిమిషాల్లో చేరగల రన్‌వేకి తిరగాలి, ఇంటికి కాదు. తమ్ముడు ఇప్పుడు దారి గీసుకునేటప్పుడు అంతకు మించి దూరం వెళ్లే చోట మధ్యలో ఏ రన్‌వే ఉందో ముందే గుర్తుపెట్టుకుంటాడు.

మొదటి ఎగరడాలన్నీ విమానాశ్రయం మీదే, దిగడానికి అందే ఎత్తులోనే ఉండాలి. ఒకటో గంటకి, ఐదో గంటకి, పదో గంటకి, ఆ తర్వాత ప్రతి 25 గంటలకీ ఇంజను మీది మూత తీసి చూడండి. నల్ల పొడి ఉందా, ఎర్ర గీతలు విరిగాయా, పట్టీ మూలల్లో డై గీత కనిపిస్తుందా, బెల్టు మీటితే ఎంత పలుకుతుంది. ఇవన్నీ పుస్తకంలో తేదీతో రాయండి. హెర్ట్జ్ అంకె పాతదాని కన్నా పదిహేను, ఇరవై తగ్గిందంటే బిగించి వదిలేయకండి, ఎందుకు తగ్గిందో వెతకండి. రెండుసార్లు వరుసగా తగ్గితే బెల్టు మార్చేయండి. మార్చిన బెల్టు మీద గంటలు, తేదీ తెల్ల రంగుతో రాసి హ్యాంగరులో మేకుకి తగిలించండి. మా తమ్ముడి హ్యాంగరులో ఇప్పటికి అలాంటివి మూడు వేలాడుతున్నాయి, మొదటిది సూట్‌కేసులో వచ్చిన ముక్క.